రెండో నంబరు కోసం వెళ్తే నా పేరు మీద మూడో సిమ్ తేలింది

నిన్న సాయంత్రం నా పేరు మీద ఉన్న సిమ్‌ల లిస్టు మళ్లీ చూశాను, నేను తీసుకోని ఆ మూడో నంబరు పోయింది. నా పేరు మీద ఇప్పుడు రెండే సిమ్‌లు, రెండూ నావే. దీనికి నెలా పది రోజులు పట్టింది. కోపం చల్లారకముందే రాసి పెడుతున్నాను, నాలాగా చేతిపని చేసుకునే ఒక్కరికి పనికొచ్చినా చాలు.

మాది నల్లగొండ. దేవరకొండ రోడ్డులో పద్నాలుగేళ్లుగా మోటార్ వైండింగ్ దుకాణం నడుపుతున్నాను, అంటే కాలిన మోటార్‌కు రాగి తీగ మళ్లీ చుట్టే పని. తిప్పర్తి, కనగల్, గుర్రంపోడు దాకా బత్తాయి తోటల రైతులు మోటార్ కాలిందంటే నా దగ్గరికే తెస్తారు. నేను చుట్టిన మోటార్ మూడేళ్ల దాకా మళ్లీ దుకాణానికి రాదని ఊళ్లలో పేరుంది, ఆ పేరు ఊరికే రాలేదు. ఎండాకాలంలో తడి తప్పితే కాయ రాలిపోతుంది, అందుకని మోటార్ కాలిన రైతు తెల్లారేదాకా ఆగలేడు. అది ఆయన తప్పు కాదు. వెనకట మోటార్లు నడిచే త్రీ ఫేజ్ కరెంట్ టైం ప్రకారం వచ్చేది, ఫోన్లు కూడా ఆ టైంకే వచ్చేవి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంట్ మొదలయ్యాక మోటార్ రాత్రి రెండింటికి కూడా కాలుతోంది, నా ఫోన్ కూడా రాత్రి రెండింటికి మోగుతోంది.

అట్లనే నెట్టుకొచ్చాను. కానీ మొన్న మా అమ్మను ఆస్పత్రిలో చేర్చినప్పుడు, రక్తం కావాలని మా తమ్ముడు అక్కడి నుంచి ఫోన్ చేస్తుంటే నాది బిజీ వచ్చింది. ఒక రైతుకు స్టార్టర్‌లో వైర్లు ఎట్లా కలపాలో చెప్తూ ఇరవై నిమిషాలు లైన్ మీదే ఉన్నాను. "అన్నా, తొమ్మిది సార్లు చేసిన" అన్నాడు తమ్ముడు, అంతకంటే ఒక్క మాట అనలేదు. అమ్మ ఇప్పుడు బాగానే ఉంది. ఆ తొమ్మిది సార్లు మాత్రం నా మనసులో అట్లనే ఉండిపోయింది. పనికి ఒక నంబరు, ఇంటికి ఒక నంబరు వేరువేరుగా ఉండాల్సిందేనని ఆ రాత్రే అనుకున్నాను.

ఏ ప్యాక్ వేయించాలనేది తేలికగానే తేలింది. ఒకప్పుడు సిమ్ కొని పెట్టుకుంటే ఇన్‌కమింగ్ ఎప్పటికీ వచ్చేది, ఆ రోజులు 2018 చివర్లోనే పోయాయి. ఇప్పుడు రీఛార్జ్ అయిపోతే కొద్ది రోజుల్లో ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది. నెట్ అక్కరలేనివాళ్లు కూడా నెట్‌కు డబ్బు కట్టాల్సి వస్తోందని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో కంపెనీలకు చెప్పింది, కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాక్‌లు పెట్టాలని. 2025 జనవరిలో అవి వచ్చాయి. అప్పుడు జియోలో 448 రూపాయలకు 84 రోజులు, ఎయిర్‌టెల్‌లో 469కి 84 రోజులు, ఏడాది మొత్తానికైతే 1849. లెక్క వేస్తే రోజుకు ఐదు రూపాయల చిల్లర, అంటే ఒక చాయ్ డబ్బు కూడా కాదు. రేట్లు మారుతుంటాయి కాబట్టి వేయించే ముందు యాప్‌లో చూసుకోండి. ఇంకోటి, రీఛార్జ్ దుకాణంలో ఈ ప్యాక్ సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పరు. "కాల్స్ ఒక్కటే చాలు, నెట్ వద్దు" అని మీరే గట్టిగా అడగాలి. యాప్‌లోనే ఇంకో నంబరు ఇస్తారు, ఎవరు ఫోన్ చేసినా 'ఒకటి నొక్కండి, రెండు నొక్కండి' అని చెప్తుంది, అట్లాంటిది పెట్టుకో అని ఒక దోస్తు సలహా ఇచ్చాడు. దానికి నెలనెలా కిరాయి, పైగా బాయి గడ్డ మీద నిలబడి ఒకటి నొక్కే ఓపిక ఏ రైతుకు ఉంటుంది? వద్దనుకున్నాను. 4జీ పడే కీప్యాడ్ ఫోన్ ఒకటి కొన్నాను, అందులో ఏ కంపెనీ సిమ్ అయినా నడుస్తుంది.

ఇంతవరకూ ఒక పూట పని. ఇక సిమ్ కొనడం దగ్గర తిప్పలు మొదలయ్యాయి.

రోడ్డు పక్కన గొడుగు వేసుకుని ఒక పిల్లగాడు సిమ్‌లు అమ్ముతుంటే అక్కడ ఆగాను. 'సిమ్ ఫ్రీ' అని అట్ట మీద రాసి ఉంది. ఆధార్ నంబరు చెప్పాను, చిన్న మిషన్ ముందుకు జరిపి బొటనవేలు పెట్టమన్నాడు. పెట్టాను. పడలేదు. నా వేళ్ల సంగతి నాకు తెలుసు. మోటార్ లోపలి గాడుల్లోకి (స్టేటర్ స్లాట్లు అంటాం) రాగి తీగను చేత్తో గుంజి గుంజి కూర్చాలి, ఒక్క మోటార్‌కు వందల చుట్లు. కొనలు నున్నగా అరిగిపోయి, అక్కడక్కడ తీగ కోసిన సన్నటి గాట్లు మిగిలాయి. చూపుడువేలు పడలేదు. మధ్యవేలు పడలేదు. వెనక నలుగురైదుగురు నిలబడి ఉన్నారు, కాలేజీ పిల్లలు, చంటిపిల్లను ఎత్తుకున్న ఒక అమ్మ.

"కాకా, చేతులు కడుక్కొని రా" అన్నాడు. పక్క హోటల్ నల్లా దగ్గర సబ్బుతో కడుక్కుని వచ్చాను. పడలేదు. "ఇట్ల ఉంటే ముందే చెప్పాలె గద, ఎంతమంది ఆగిన్రు చూడు" అన్నాడు, అందరికీ వినపడేటట్టు. తన దోస్తును పిలిచి "అరే, ఈయన వేళ్లు ఎక్కుతలేవురా" అన్నాడు. ఆ దోస్తు వచ్చి నన్ను అడగనైనా అడగకుండా నా చెయ్యి పట్టుకుని, వేలిని అద్దం మీద పెట్టి ఒత్తాడు. యాభై ఏళ్లకు దగ్గర పడుతున్న మనిషిని. ఈ చేతులతోనే ఇద్దరు బిడ్డలను చదివిస్తున్నాను, ఊరి బోర్లు నడిచేది ఈ చేతుల వల్లనే, అవే చేతులను తప్పుచేసిన చేతుల్లాగా నడిరోడ్డు మీద అటూ ఇటూ తిప్పి చూశారు. వెనక ఉన్న పిల్లల్లో ఒకడు నవ్వాడు.

చివరికి ఎడమచేతి ఉంగరపు వేలు పడింది. పాత నంబరుకు ఓటీపీ వస్తే చెప్పాను, ఫొటో తీసుకున్నాడు. హమ్మయ్య అనుకుని లేవబోతుంటే "కాకా, సర్వర్ పోయింది, మళ్లీ ఒకసారి అదే వేలు పెట్టు" అన్నాడు. పెట్టాను. అప్పటికి నేను ఎంత తొందరగా అక్కడి నుంచి బయటపడదామా అన్నట్టు ఉన్నాను, ఎన్నిసార్లు పెట్టమంటే అన్నిసార్లు పెట్టేవాణ్ని. మోసం జరిగింది సరిగ్గా అక్కడే. సిగ్గుపడ్డ మనిషి ప్రశ్నలు అడగడని వాళ్లకు బాగా తెలుసు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పత్తి ఏరే ఆడవాళ్లు, సెంట్రింగ్ పనివాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, వీళ్లందరి వేళ్లూ ఇంతే. మా అమ్మకు రేషన్ షాపులో వేలు పడకపోతే కనుపాప మిషన్ పెట్టి బియ్యం ఇస్తారు, ఎవరూ ఒక్క మాట అనరు. వేలు పడకపోవడం పని చేసినందుకు వచ్చింది. దానికి తలవంచుకోవాల్సిన పని లేదు, నేను ఆ రోజు వంచుకున్నాను, అది నా తప్పు.

సిమ్ ఆ సాయంత్రమే నడిచింది. మూడో రోజు నుంచి ఆ నంబరుకు ఎవరో లోన్ వాళ్ల ఫోన్లు. ఎవరిదో పేరు చెప్పి, కిస్తీలు ఎప్పుడు కడతావని గద్దించడం. కొత్త సిమ్ అంటే కొత్త నంబరు అనుకుంటాం కానీ, మూసేసిన నంబరును 90 రోజుల తర్వాత కంపెనీలు ఇంకొకరికి ఇవ్వొచ్చు. మనకొచ్చేది ఎవరో వదిలేసిన నంబరు కావొచ్చు. నాగార్జున కాలేజీలో డిగ్రీ చదివే మా పెద్ద బిడ్డ "నాన్నా, అసలు నీ పేరు మీద ఏమేం ఉన్నయో చూద్దాం" అని సంచార్ సాథీ తెరిచింది. కేంద్ర టెలికాం శాఖ 2023 మే నెలలో పెట్టిన పోర్టల్ అది. ఫోన్ నంబరు, ఓటీపీ కొడితే మన పేరు మీద ఉన్న నంబర్లన్నీ చూపిస్తుంది. రెండు ఉండాలి. మూడు ఉన్నాయి.

నాకు కాళ్లు చల్లబడ్డాయి. సైబర్ మోసాలు చేసేవాళ్లు ఇట్లాంటి సిమ్‌లే వాడతారని పేపర్లలో చదువుతూనే ఉన్నాం, పోలీసులు మొదట వచ్చేది సిమ్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లింటికే కదా. బిడ్డ అక్కడితో ఆగలేదు. ఆధార్ వెబ్‌సైట్‌లో, మన ఆధార్‌ను ఎవరెవరు ఎప్పుడెప్పుడు వాడారో గత ఆరు నెలల చిట్టా దొరుకుతుంది, అది తీసింది. ఆ రోజు వరుసగా ఏడు వరసలు ఫెయిల్ అని ఉన్నాయి, పక్కన 300 అనే అంకె. వేలిముద్ర కలవలేదని దాని అర్థమట. ఆ తర్వాత 11:42కి ఒక సక్సెస్, 11:58కి ఇంకో సక్సెస్. సర్వర్ పోయిందన్నది అబద్ధమని ఆ చిట్టానే చెప్తోంది.

మర్నాడు వెళ్తే గొడుగు లేదు. పక్క హోటలాయన "ఒక్క తావున ఉండరు అన్నా వాళ్లు" అన్నాడు. సిమ్‌లు అమ్మేవాళ్లు కంపెనీలో నమోదై ఉండాలని 2023 డిసెంబర్ 1 నుంచి నిబంధన ఉంది, ఆ పిల్లగాడు ఎవరి నమోదు మీద కూర్చున్నాడో మరి. కంపెనీ స్టోర్‌కు వెళ్లాను. ఏసీ, కుర్చీలు, టోకెన్. గంటసేపు కూర్చోబెట్టి, కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్ చూసి "మీ వేలిముద్రే ఉంది కదండీ, మీరే తీసుకుని మర్చిపోయుంటారు" అంది. నేను పని బట్టలతో వెళ్లాను, అందుకే ఆ మాట అంత తేలికగా వచ్చిందని ఇప్పటికీ నా నమ్మకం. "అమ్మా, ఆ ఫారం మీద ఫొటో ఒకటి చూపించు" అన్నాను. చూపించకూడదంది. నేను కదలలేదు. మేనేజర్ వచ్చాడు. ఆధార్ చిట్టా ప్రింటు ముందు పెట్టి, సమయాలు చదివి వినిపించాను. ఆయన రెండు ఫారాలూ తెరిచి స్క్రీన్ నా వైపు తిప్పాడు. రెండింట్లోనూ అదే ఫొటో. అదే నీలం చొక్కా, జేబు దగ్గర అదే గ్రీజు మరక. వెనక గొడుగు కమ్మీ కూడా అదే. రెండో ఫారంలో ఓటీపీ కోసం ఇచ్చిన నంబరు నాది కాదు. మేనేజర్ కుర్చీ చూపించి "కూర్చోండి సార్" అన్నాడు. అప్పటిదాకా సార్ లేదు.

దరఖాస్తు అక్కడే చేత్తో రాసి ఇచ్చాను, నకలు మీద ముద్ర వేయించుకునేదాకా లేవలేదు. మీరు కూడా ముద్ర లేకుండా ఏ ఆఫీసు నుంచీ బయటికి రాకండి, "మేం చూసుకుంటాం" అనే మాటకు విలువ లేదు. ముందు రోజే పోర్టల్‌లో ఆ నంబరు దగ్గర 'నాది కాదు' నొక్కి రిఫరెన్స్ నంబరు రాసి పెట్టుకున్నాం. పోలీస్ స్టేషన్‌లో కూడా రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను. వెళ్లడానికి భయమేసింది, అయినా వెళ్లాను. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం మోసంతో సిమ్ తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు, లేదా 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అట్లాంటి నేరంలో నా పేరు ఇరుక్కోకూడదంటే నా దగ్గర కాగితం ఉండాలి.

మధ్యలో నాలుగుసార్లు స్టోర్‌కు తిరిగాను, అవన్నీ రాయను. ఆ సిమ్ పోయింది, అది చాలు. ఇప్పుడు ఎంఆధార్ యాప్‌లో నా బయోమెట్రిక్, అంటే వేలిముద్ర, కనుపాప, లాక్ చేసి పెట్టుకున్నాను, అవసరమైనప్పుడే తీస్తాను. సిమ్ కావాలంటే తలుపు, బోర్డు ఉన్న దుకాణానికే వెళ్లండి. వేలు రెండోసారి పెట్టమంటే ఎందుకో చెప్పమనండి, మొదటిది ఫెయిల్ అయినట్టు స్క్రీన్ మీద చూపించమనండి. లోన్ వాళ్లకు మాత్రం ఫోన్ వచ్చిన ప్రతిసారీ "ఈ నంబరు ఇప్పుడు చేతులు మారింది, నా పేరు ఇది" అని ఓపికగా చెప్పాను, రెండు వారాల్లో తగ్గిపోయాయి.

ఇక నంబర్ల సంగతి. కొత్తది పనికి వాడదామని కొన్నాను. కానీ ఒకరోజు తిప్పర్తి దగ్గర ఒక తోటలోకి వెళ్తే, స్టార్టర్ డబ్బా మూత లోపల ఎర్ర పెయింటుతో నా పాత నంబరు రాసి ఉంది. పక్క చేను డబ్బా మీద కూడా ఉంది. పద్నాలుగేళ్లలో ఇట్లాంటి డబ్బాలు ఎన్ని ఉన్నాయో, వాటన్నిటి మీదా నేను ఎట్లా మార్చగలను? ఆ రోజే రెండు నంబర్ల పనినీ అటుదిటు మార్చేశాను. పాత నంబరే పనికి, ఫోన్‌పే కూడా దాని మీదే. కొత్త నంబరు ఇంటివాళ్లకు, తమ్ముడికి, ఇద్దరు బిడ్డల కాలేజీలకు. దుకాణం, వ్యాపారం ఉన్నవాళ్లకు నేను ఇదే చెప్తాను, పని కోసం కొత్త నంబరు కొనకండి, ఇంటి కోసం కొనండి.

రాత్రి తొమ్మిది దాటితే పాత నంబరున్న పెద్ద ఫోన్ సైలెంట్‌లో పెట్టి అల్మారాలో ఉంచుతున్నాను, కొత్త నంబరున్న చిన్న ఫోన్ తల దగ్గర ఉంటుంది. ఈ రోజు పొద్దున ఐదున్నరకు పెద్ద ఫోన్ తీసి చూస్తే గుర్రంపోడు నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. నేనే చేశాను. "అన్నా, ఐదు హెచ్‌పీది, రాత్రి పదకొండుకు పోయింది, కాలిన వాసన వస్తుంది" అన్నాడు. ఆటోలో వేసి పంపమన్నాను, రేపు సాయంత్రానికి చుట్టి ఇస్తాను.