బొగ్గు తియ్యని ఖండం

సింగరేణిలో పనిచేసినవాళ్లలో చాలామంది ఆ ఆకును చూసే ఉంటారు, పేరు తెలియకపోయినా. బొగ్గు పొరను ఆనుకుని ఉండే షేల్ రాయి పలకలుగా విడిపోయినప్పుడు నాలుక ఆకారంలో ఒక అచ్చు బయటపడుతుంది. మధ్యలో ఈనె, దానికి రెండువైపులా సన్నటి వల అల్లినట్టు గీతలు. నేను భూపాలపల్లిలో ఉన్నప్పుడు మా జియాలజిస్టు సారు దాని పేరు గ్లోసోప్టెరిస్ అని చెప్పారు. 25 కోట్ల ఏళ్లకు పైబడిన చెట్టు. అలాంటి చెట్ల అడవులే గోదావరి లోయలో బొగ్గయ్యాయి. ఇదే ఆకు అంటార్కిటికా రాళ్లలోనూ దొరికిందని, ఆ ఖండమూ మనమూ ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే నేలలో భాగమని ఆయన చెప్పిన మాట నన్ను వదల్లేదు. రిటైరై హన్మకొండలో స్థిరపడ్డాక, మా ఆవిడను ఒప్పించి జనవరిలో బయల్దేరాను.

ప్రయాణం సంగతి పెద్దగా చెప్పను. హైదరాబాద్ నుంచి విమానాలు మారుతూ బ్యూనస్ ఐరిస్, అక్కడి నుంచి మూడున్నర గంటల్లో అర్జెంటీనా కొసన ఉన్న ఉషువాయా. అంటార్కిటికాకు వీసా ఉండదు, అర్జెంటీనాకు కావాలి. ఆపదలో వెనక్కి తెచ్చే ఖర్చుకు సరిపడా ఇన్సూరెన్స్ లేనిదే ఓడ ఎక్కనివ్వరు. బీగిల్ ఛానెల్ దాటేవరకు నీళ్లు నెమ్మదిగానే ఉన్నాయి.

ఆ తర్వాత డ్రేక్ జలసంధి. దాదాపు 800 కిలోమీటర్లు, రెండు రోజులు. ఆ అక్షాంశాల్లో గాలిని, అలలను అడ్డుకునే నేల భూమి చుట్టూ ఎక్కడా లేదు. అందుకే ఆ సముద్రానికి అంత బలం. కారిడార్ పొడవునా చేతికి పట్టుకోవడానికి కడ్డీలుంటాయి. ఒక చెయ్యి ఎప్పుడూ ఓడకే అని సిబ్బంది పదే పదే చెప్పారు. మాత్రలు ఇచ్చారు కానీ మా ఆవిడకు పనిచేసింది వరంగల్ నుంచి తెచ్చుకున్న అల్లం మురబ్బానే. సంక్రాంతి సకినాలు కూడా తెచ్చుకున్నాం. అయితే అవి గదిలోనే తినాలి. ఒడ్డుకు ఏ తిండీ తీసుకుపోకూడదు.

ఒడ్డున అడుగు పెట్టే ముందు జరిగే తనిఖీని నేను జీవితాంతం మెచ్చుకుంటాను. జేబుల మూలలు, వెల్‌క్రో పట్టీలు, బ్యాగు కుట్లు అన్నీ వాక్యూమ్‌తో శుభ్రం చేయిస్తారు. ఇరుక్కున్న గడ్డి గింజ ఒక్కటి కనిపించినా చిమటాతో తీసేస్తారు. బూట్లు మందు నీళ్లలో ముంచాకే పడవ ఎక్కాలి. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడలకు దిగే అనుమతే లేదు. ఒక చోట ఒకేసారి నూరు మందికి మించి ఒడ్డున ఉండకూడదు. జంతువులకు అయిదు మీటర్ల దూరం పాటించాలి. బర్డ్ ఫ్లూ భయం వచ్చాక మంచు మీద కూర్చోవడం, మోకరిల్లడం, బ్యాగు పెట్టడం కూడా మాన్పించారు. డబ్బు కట్టి వచ్చినవాళ్లకు ఇన్ని ఆంక్షలేమిటని ఒకరిద్దరు సణిగారు. నాకైతే గని భద్రతకు కూడా ఇంత పట్టుదల అన్నిచోట్లా ఉంటే ఎన్ని ప్రాణాలు మిగిలేవో అనిపించింది.

మొదట దిగింది డిసెప్షన్ దీవిలో. అది బతికున్న అగ్నిపర్వతం. కూలిపోయిన దాని నడిబొడ్డులోకి సముద్రం చొరబడింది, ఓడ ఆ సందులోంచే లోపలికి పోతుంది. నల్లటి ఇసుక నుంచి అక్కడక్కడా వెచ్చటి ఆవిరి లేస్తోంది. ఒడ్డున తిమింగలాల నూనె కాచిన బాయిలర్లు, ఇంటెత్తు ట్యాంకులు తుప్పుపట్టి నిలబడ్డాయి. నూనె ధర పడిపోవడంతో 1931లో ఆ పని ఆగింది. 1969 పేలుడులో ముంచుకొచ్చిన బురద, అక్కడ చనిపోయిన కార్మికుల సమాధులను కూడా కప్పేసింది. నాకు గనులు మూతబడ్డాక బెల్లంపల్లిలో చూసిన ఖాళీ క్వార్టర్లు గుర్తొచ్చాయి. ఇళ్లు వదిలి అంత దూరం పోయి, ఆ చలిలో రక్తం, కొవ్వు మధ్య పనిచేసినవాళ్లు ఎవరి బిడ్డలో. మిగతావాళ్లు ఫొటోలు తీసుకుంటుంటే నేను ఆ ట్యాంకుల దగ్గరే చాలాసేపు ఉండిపోయాను.

పెంగ్విన్ల గురించి అందరూ చెబుతారు, వాసన గురించి తక్కువ చెబుతారు. పడవ ఒడ్డుకు చేరకముందే ముక్కుకు తగులుతుంది. జెంటూ పెంగ్విన్లు గులకరాళ్లు పేర్చి గూడు కడతాయి, పక్క గూటి రాయిని నోట కరుచుకుని పోతాయి. జనవరి కాబట్టి పిల్లలు బయటికొచ్చాయి. తల్లో తండ్రో సముద్రం నుంచి తెచ్చిన క్రిల్ రొయ్యలను వాటి నోట్లోకి కక్కుతోంది. “పొద్దంత పిల్లల తిండి మీదనే ఉన్నయ్ జూడుండ్రి” అంది మా ఆవిడ. ఆమె కదలకుండా నిలబడి చూసింది ఆ ఒక్కచోటే.

నీకో హార్బర్‌లో హిమానీనదం ఎదురుగా దిగాం. నీటి అంచున నిలబడొద్దు, పైకి నడవండి అన్నారు గైడ్లు. మంచు విరిగిపడితే అల ఒడ్డుకెక్కుతుందట. బొగ్గుబాయిలో రూఫు చప్పుడు వినడం నాకు అలవాటు. కూలే ముందు అది పటపటమంటుంది, ఆ చప్పుడుకు మనిషి కాలు దానంతటదే వెనక్కి పడుతుంది. ఇక్కడా అలాంటి చప్పుడే వచ్చింది, ఒళ్లు జలదరించింది. కాసేపటికి ఇంటంత ముక్క నీలంగా జారి నీళ్లలో పడింది. ఏళ్ల తరబడి ఒత్తిడికి మంచులోని గాలి బుడగలు నలిగిపోయి, వెలుగులోని ఎరుపంతా లోపలే ఇంకిపోతే మిగిలేది ఆ నీలం.

ఓడలో ఒకరోజు జియాలజీ మీద ఉపన్యాసం పెట్టారు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన రాళ్లు ఏరింది. తిండి చాలక, నడవలేక చనిపోతూ కూడా ఆ 16 కిలోల రాళ్లను పారెయ్యలేదు. శవాల పక్కన దొరికిన ఆ రాళ్లలోనే గ్లోసోప్టెరిస్ ఉంది. నా ఫోన్‌లో ఉన్న భూపాలపల్లి ఆకు ఫొటోను ఉపన్యాసం చెప్పినావిడకు చూపించాను. ఆవిడ దాన్ని పెద్ద తెర మీద అందరికీ చూపించి, పటం మీద గోదావరిని వెతికింది. మన తూర్పు తీరం ఒకప్పుడు ఆనుకుని ఉన్నది ఖండానికి అటువైపు, 2012లో మొదలైన మన భారతి పరిశోధన కేంద్రం ఉన్న దిక్కున. మా ఓడ అక్కడికి పోదు. ఆకు దొరికిన కొండలూ చాలా లోపల ఉన్నాయి. ఆ లోటు నాకు మిగిలింది.

తిరిగొచ్చాక సింగరేణిలో కొత్తగా చేరిన మా మేనల్లుడు అడిగాడు, “మామా, అక్కడ బొగ్గుంటే ఎందుకు తియ్యరు?” అని. 1991లో మాడ్రిడ్‌లో సంతకాలైన ఒప్పందం అక్కడ గని పనులన్నిటినీ నిషేధించింది. 1998 నుంచి అమల్లో ఉంది. ఆ నిషేధానికి గడువు లేదు. 2048 తర్వాత మాత్రం అంటార్కిటికా ఒప్పందంలో ఓటు హక్కున్న ఏ దేశమైనా సమీక్ష కోరవచ్చు. మన దేశానికి 1983 నుంచి ఆ హక్కుంది. బొగ్గు మీదే నా ఇల్లు గడిచింది, పిల్లలు చదివారు. ఈ ప్రయాణంలోనూ ఎంత ఇంధనం కాలిందో నాకు తెలుసు. అయినా ఆ రోజు వస్తే తవ్వకం వద్దు అనే మాటే మన దేశం చెప్పాలని వాడికి చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. కరెంటు ఎక్కడి నుంచి వస్తుందని అడిగాడు. ఆ వాదన మా ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది.