ఎన్810ని దారికి తెచ్చుకున్న వైనం

నోకియా ఎన్810 చేతిలో కనబడితే చాలు, అందరూ అడిగేది ఒకటే: సిమ్ ఎక్కడ వేయాలి? ఎక్కడా వేయక్కర్లేదు, ఇది ఫోన్ కాదు. వై-ఫై ఉంటే దానితో పని నడుస్తుంది, లేకపోతే జేబులో ఉన్న ఫోన్‌ని బ్లూటూత్‌తో జత చేసి దాని నెట్ వాడుకోవాలి. ఇలాంటివాటిని కంపెనీ వాళ్లు ఇంటర్నెట్ టాబ్లెట్లు అనేవాళ్లు. 2005లో 770, 2007 మొదట్లో ఎన్800, అదే ఏడాది చివర్లో ఇది. నేను మాత్రం దీన్ని 226 గ్రాముల లినక్స్ కంప్యూటర్‌గానే చూశాను, ఎందుకంటే లోపల నడిచే మేమో అనే ఓఎస్‌ని డెబియన్ అనే లినక్స్ మీదే కట్టారు. ఈ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుంటే సెటప్‌లో వచ్చే తలనొప్పులు సగం తగ్గుతాయి.

ముందు ఛార్జింగ్ సంగతి. పక్కన మైక్రో యూఎస్‌బీ ఉంది కదా అని దానికి కేబుల్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఛార్జ్ పెరగదు. అది ఫైళ్లు ఎక్కించుకోవడానికి మాత్రమే, ఛార్జింగ్‌కి సన్న పిన్ను ఛార్జర్ ఒకటే దిక్కు. బ్యాటరీ మాత్రం బీపీ-4ఎల్, అంటే నోకియా ఈ61ఐ, ఈ71 ఫోన్లలో ఉండేదే. తెలిసినవాళ్ల దగ్గర ఆ ఫోన్ ఉంటే అవసరానికి బ్యాటరీ అడిగి తెచ్చుకోవచ్చు, నేను ఆ పనీ చేశాను.

ఆన్ చేయగానే భాష, తేదీ, టైమ్ అడుగుతుంది, అక్కడ చెప్పుకోవడానికేం లేదు. అసలు పరీక్ష వై-ఫై పాస్‌వర్డ్ దగ్గర మొదలవుతుంది. స్క్రీన్‌ని పైకి జరిపితే కింద బుల్లి కీబోర్డు బయటికొస్తుంది, అందులో అంకెలకి విడిగా వరస లేదు. క్యూ, డబ్ల్యూ ఉన్న వరస మీదే అంకెలు రంగు మార్చి ముద్రించి ఉంటాయి, ఎఫ్ఎన్ కీ పట్టుకుని నొక్కాలి. అక్షరం, అంకె, అక్షరం, అంకె అని కలగాపులగంగా ఉన్న పాస్‌వర్డ్ అయితే బొటనవేళ్లు రెండూ గుంజీలు తీసినట్టే. అదీగాక బాణం కీలు కూడా ఆ కీబోర్డు మీదే ఉన్నాయి, మూసేస్తే అవి అందవు. స్టైలస్ (స్క్రీన్ మీద నొక్కే పుల్ల) పక్కన పెట్టేసి వేలితో స్క్రీన్ మీద గట్టిగా తాకితే స్క్రీన్ నిండా పెద్ద అక్షరాల కీబోర్డు వస్తుంది, నాకు చిన్న చిన్న పనులకి అదే నచ్చింది.

నెట్ తగలగానే వెంటనే బొమ్మలు మార్చడం, ప్రోగ్రాములు ఎక్కించడం మొదలుపెట్టకండి. ముందు ఓఎస్ సంగతి తేల్చాలి. నాకు వచ్చిన దాంట్లో ఓఎస్2008 తొలి వెర్షన్ చినూక్ ఉంది. 2008 జూన్‌లో వచ్చిన తర్వాతి వెర్షన్ డయాబ్లో కావాలంటే కంప్యూటర్‌కి తగిలించి మొత్తం ఫ్లాష్ చేయాల్సిందే, అంటే పాత ఓఎస్ చెరిపి కొత్తది రాయాల్సిందే, అప్పుడు లోపల పెట్టుకున్న సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అందుకే టాబ్లెట్ ఖాళీగా ఉన్నప్పుడే కానిచ్చేశాను. లినక్స్‌లో అయితే ఫ్లాషర్ అనే చిన్న ప్రోగ్రాముకి కొత్త ఓఎస్ ఉన్న ఇమేజ్ ఫైలు పేరిచ్చి, టాబ్లెట్ ఆఫ్ చేసి కేబుల్ పెడితే అది చూసుకుంటుంది. ఆ కాసేపూ కేబుల్ వైపు ఎవరూ రాకుండా చూసుకోండి, నాకైతే బార్ పూర్తిగా నిండేదాకా టెన్షనే. డయాబ్లోకి వచ్చాక మాత్రం ఈ బాధ లేదు, తర్వాతి అప్‌డేట్లు ప్రోగ్రాములు ఎక్కించే అప్లికేషన్ మేనేజర్‌లోంచే అప్పట్లో నేరుగా వచ్చేసేవి, లోపలి సరుకు జోలికి పోకుండా.

ఇప్పుడు జాగా లెక్క. ఈ టాబ్లెట్‌ని మనకి నచ్చినట్టు మార్చుకోవడమంటే చివరికి ఏది వద్దో తేల్చుకోవడమే అని నాకు అర్థమైంది ఇక్కడే. ర్యామ్ 128 ఎంబీ. ప్రోగ్రాములు కూర్చునే ఫ్లాష్ మెమరీ 256 ఎంబీ, అందులో పెద్ద ముక్క ఓఎస్‌కే పోతుంది. విడిగా 2 జీబీ మెమరీ ఉందిగా అంటారా, అందులో మ్యాపులు, పాటలు, ఫైళ్లు పెట్టుకోవచ్చు గానీ మామూలుగా ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాములు అక్కడికి వెళ్లవు. ర్యామ్ కూడా తక్కువే కాబట్టి ఆ 2 జీబీలోంచి కొంత దానికి సాయంగా ఇచ్చేయాలి. కంట్రోల్ పానెల్‌లో మెమరీ తెరిచి, వర్చువల్ అన్న చోట 128 ఎంబీ పెట్టాను. అది పెట్టకముందు బ్రౌజర్‌లో బరువైన పేజీ ఒకటి తెరిచి ఉండగా మెయిల్ తెరిస్తే చాలు, మెమరీ చాలదని మొరాయించేది. పెట్టాక వేగం పెరగలేదు, అది నిజం, కానీ సతాయించడం మానేసింది. ఈ ఒక్క పనీ చేయకుండా దీన్ని తిట్టేవాళ్లు ఉంటే వాళ్ల మాట పట్టించుకోకండి.

అప్లికేషన్ మేనేజర్‌లో మొదట కనబడే ప్రోగ్రాములు కొన్నే. ప్రోగ్రాములు దొరికే చోట్లని అది క్యాటలాగ్‌లు అంటుంది, ఆ జాబితాలోకి వెళ్లి మేమో ఎక్స్‌ట్రాస్‌ని ఆన్ చేసుకుంటే అప్పట్లో అసలు సంత కనబడేది. అక్కడో సరదా తలుపు కూడా ఉంది: కొత్త క్యాటలాగ్ చేర్చే చోట వెబ్ అడ్రస్‌గా మ్యాట్రిక్స్ అని కొట్టి క్యాన్సిల్ నొక్కితే ఆ సినిమాలో లాగే ఎర్ర మాత్ర కావాలా నీలం మాత్ర కావాలా అని అడుగుతుంది. ఎర్రది మింగితే మామూలుగా దాచి ఉంచే సిస్టమ్ ప్యాకేజీలన్నీ బయటపడతాయి. చూడ్డానికి బాగుంటుంది గానీ, అక్కడ తెలియని వాటి మీద చెయ్యి వేయకుండా చూసి వచ్చేయడం మంచిది. నేను మళ్లీ నీలం మాత్రే వేసుకున్నాను.

రూట్, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం కావాలంటే ఆ మాత్రతో పని లేదు. రూట్‌ఎస్‌హెచ్ అనే ప్యాకేజీ ఎక్కించి, ఆదేశాలు టైప్ చేసే ఎక్స్‌టెర్మ్‌లో సుడో గెయిన్‌రూట్ అని కొడితే చాలు. ఎక్స్‌టెర్మ్ కింద చిన్న బటన్ల వరస ఉంటుంది, ట్యాబ్ లాంటివి అందులోంచే నొక్కాలి, ఎందుకంటే కీబోర్డు మీద ట్యాబ్ లేదు. నాకు రూట్ అవసరం పడింది ఒక్క విషయంలో. పాటలన్నీ కార్డులోకి ఎక్కించాక టాబ్లెట్ ఏ పనీ చేయకుండానే నత్తనడక పట్టింది. పైన స్టేటస్ బార్‌లో ప్రాసెసర్ ఎంత పనిలో ఉందో చూపించే లోడ్ ఆప్లెట్ అని ఒకటుంది, అది పెట్టి చూస్తే గీత పైనే అతుక్కుని ఉంది. మెటాలేయర్ క్రాలర్ అనే కార్యక్రమం తెర వెనక కూర్చుని ప్రతి పాటనీ తడిమి జాబితా రాసుకుంటోంది. నేను పాటల్ని ఫోల్డర్ల వారీగానే వింటాను, ఆ జాబితాతో నాకేం పని? ఆపేశాను, గీత కిందికి దిగింది. లోడ్ ఆప్లెట్ మాత్రం ఉంచుకున్నాను, ఏదైనా నెమ్మదిస్తే ముందు కళ్లు అక్కడికే పోతాయి.

హోమ్ స్క్రీన్ దగ్గర చాలామంది ఇష్టారాజ్యంగా ఆప్లెట్లు, అంటే బుల్లి ప్రోగ్రాములు పరుస్తారు. నేను గడియారం, సైట్లలో కొత్తగా వచ్చినవి చూపించే ఆర్ఎస్ఎస్ రెండే ఉంచి మిగతావి తీసేశాను. బ్రౌజర్ అప్పట్లో ఉన్నదే సరిపోయేది. మొజిల్లా ఇంజిన్ మీద నడుస్తుంది, వెబ్ వీడియోలు ఆడించే ఫ్లాష్ 9 కూడా ఉంది, 800 బై 480 స్క్రీన్ కాబట్టి పేజీ అడ్డంగా జరుపుకోవాల్సిన పని పెద్దగా ఉండేది కాదు. పై అంచున ఉన్న ఫుల్ స్క్రీన్ బటన్, దాని పక్కన జూమ్ కీలు అలవాటైతే స్టైలస్ బయటికి తీసే పనే తగ్గిపోతుంది. చదవడానికి ఎఫ్‌బీరీడర్, మ్యాపులకి మేమో మ్యాపర్, చాటింగ్‌కి పిడ్జిన్. ఎండలో కూడా స్క్రీన్ చదవగలిగేలా ఉండటం ఎఫ్‌బీరీడర్‌కి బాగా కలిసొచ్చింది. ఆరుబయట పుస్తకం చదవడానికి నాకు ఇంతకన్నా సుఖమైన వస్తువు దొరకలేదు.

జీపీఎస్ విషయంలో ఓపిక కావాలి. మొదటిసారి గదిలో కూర్చుని ఆన్ చేస్తే ఏమీ దొరకదు, ఆకాశం బాగా కనబడే చోట కదలకుండా పెట్టి ఇంకో పని చూసుకోవాలి. దారిలో నెట్ ఉండదు కాబట్టి, వెళ్లబోయే ప్రాంతం మ్యాపుల్ని మేమో మ్యాపర్‌లో ముందే వై-ఫై మీద దించి ఉంచుకుంటాను.

బ్యాటరీ కోసం చేసింది చిన్న మార్పే, ఫలితం మాత్రం బాగా కనబడింది: కనెక్టివిటీ సెట్టింగుల్లో వై-ఫై కోసం అదేపనిగా వెతకడాన్ని ఆపేశాను, నాకు కావాల్సినప్పుడే కలుపుకుంటాను. వీడియోలు అయితే ఉన్నవి ఉన్నట్టు ఎక్కిస్తే తడబడుతూ ఆడతాయి, కంప్యూటర్‌లో 400 బై 240కి మార్చి ఎక్కిస్తే వెనక ఉన్న స్టాండు విప్పి బల్ల మీద పెట్టుకుని హాయిగా చూడొచ్చు.

ఇంకా చేయాల్సింది ఒకటుంది, ఓఎస్ మొత్తాన్ని మెమరీ కార్డు మీదికి మార్చి అక్కడి నుంచే బూట్ చేయడం. అలా చేస్తే ప్రోగ్రాములకి జాగా గొడవ ఉండదు. దానికి ఖాళీ మినీ ఎస్‌డీ కార్డు కావాలి, ఉన్నదాని నిండా పాటలే.