తల తెగిన స్క్రూ

నిన్న రాత్రి వంటింట్లో దబ్బున చప్పుడు. వెళ్లి చూస్తే గోడ షెల్ఫు ఒక పక్కకు వాలిపోయి ఉంది, కందిపప్పు డబ్బా నేల మీద. స్క్రూ తల తెగిపోయింది, మిగతా ముక్క గోడలోనే ఉండిపోయింది.

తప్పు నాదే. ఫాల్స్ సీలింగ్ పనిలో మిగిలిన నల్ల స్క్రూలు డబ్బాడు ఉంటే, కొత్తవి కొనడం దండగని వాటితోనే బ్రాకెట్లు బిగించేశాను. అవి జిప్సం బోర్డు కోసం చేసినవి. గట్టిగానే ఉంటాయి గానీ పెళుసు. బరువు పడితే వంగవు, టక్కున విరుగుతాయి. పైగా మాది విశాఖ, సముద్రపు గాలి. సింకు వైపు స్క్రూలన్నీ అప్పటికే ఎర్రగా తుప్పు పట్టేశాయి.

పొద్దున్నే హార్డ్‌వేర్ షాపుకెళ్తే ఆయన అడిగిన మొదటి మాట: "గోడకా సార్, చెక్కకా? తడి తగులుతుందా?" ఇన్నాళ్లూ నేను పొడవు ఒక్కటే చూసి కొనేవాణ్ణి! గోడ రంధ్రంలో దూర్చే 8 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ప్లగ్గులు, వాటికి తగ్గ స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు ఇచ్చాడు. వంటింటికి 304 రకం స్టీలు చాలట, బాల్కనీలో బట్టల స్టాండుకైతే ఉప్పుగాలిని ఇంకా బాగా తట్టుకునే 316 రకం తీసుకోమన్నాడు. దాని ధర విని, స్టాండు సంగతి వచ్చే నెల చూద్దామనుకున్నాను.

కందిపప్పు మాత్రం ఫ్రిజ్ కింద నుంచి ఇంకా వస్తూనే ఉంది.