రెండో సీసాలో ఫార్మలిన్ పోయొద్దు

వరంగల్ దిక్కు ఒంటి మీద నీటి పొక్కులు లేస్తే ముందు అమ్మోరు అంటారు, లేదంటే సర్పి అని ఎర్రమన్ను పూస్తారు. సర్పి సాధారణంగా ఒంటికి ఒక పక్కనే పట్టీలా వస్తుంది. రెండు పక్కలా లేస్తూ, వారాలు గడిచినా కొత్తవి పుడుతుంటే ఆటోఇమ్యూన్ జబ్బేమో (ఒంటి రక్షణ వ్యవస్థే సొంత చర్మం మీద దాడి చేసేది) చూడాలి. ఈ ఆటోఇమ్యూన్ జబ్బులు అంటుకోవు. దయచేసి రోగి కంచం, పక్క వేరు చేయకండి.

వీటిలో ఒకటి పెంఫిగస్. ఇందులో చర్మం పైపొర కణాలను అతికించే డెస్మోగ్లీన్ అనే ప్రోటీన్ మీద యాంటీబాడీలు పడతాయి. చీలిక పైపొర లోపలే కాబట్టి పొక్కు కప్పు పలుచన. మెత్తగా వేలాడి, తాకితే చితికి పచ్చి పుండవుతుంది. చాలామందికి ముందు నోరే పూస్తుంది. నెలల తరబడి బి కాంప్లెక్స్ మింగుతూ ఆలస్యం చేసేది ఇక్కడే.

ఇంకొకటి పెంఫిగాయిడ్. ఇందులో పైపొర మొత్తం అడుగు నుంచే లేస్తుంది. కప్పు మందం, పొక్కు బిగుతు, రోజుల తరబడి పగలదు. ఎక్కువగా 60 దాటినవాళ్లకు, విపరీతమైన దురదతో వస్తుంది. షుగరుకు విల్డాగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్ వాడుతున్నారేమో అడగాలి; అవి దీన్ని రేపగలవు. అయితే సొంతంగా మాత్ర ఆపొద్దు.

కంటి చూపుతో తేల్చేయకూడదు, పరీక్షకు చర్మం ముక్కలు (బయాప్సీ) రెండు తీయాలి. కొత్త చిన్న పొక్కును అంచుతో సహా తీసి ఫార్మలిన్‌లో వేయాలి. రెండోది ఇమ్యునోఫ్లోరెసెన్స్ (చర్మంలో పట్టుకున్న యాంటీబాడీలను మెరిసేలా చేసి చూసే పరీక్ష) కోసం, పొక్కు పక్కన, సెంటీమీటరు లోపు, చెదరని చర్మం నుంచి. అది మైకేల్స్ ద్రావణంలో (ఈ పరీక్ష ముక్కను చెడకుండా ఉంచే ద్రవం) వేయాలి. దొరక్కపోతే నార్మల్ సెలైన్‌లో వేసి 24 గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలి. హైదరాబాద్ పంపేదుంటే శనివారం సాయంత్రం తీయకపోవడం మేలు, ఆదివారమంతా ముక్క పార్సిల్‌లోనే ఉండిపోతుంది. ఫార్మలిన్ తగిలితే ఇమ్యునోఫ్లోరెసెన్స్‌లో జబ్బున్నా లేనట్టే రావచ్చు.

ఆ పరీక్షలో మెరుపు కణాల చుట్టూ వలలా ఉంటే పెంఫిగస్. పైపొర అడుగున గీతలా ఉంటే పెంఫిగాయిడ్ కావచ్చు, కానీ ఎపిడర్మోలిసిస్ బుల్లోసా అక్విజిటా అనే మరో ఆటోఇమ్యూన్ పొక్కుల జబ్బులోనూ అదే గీత. అప్పుడు గాఢమైన (1 మోలార్) ఉప్పునీటితో చీల్చిన చర్మంపై చూస్తారు: మెరుపు కప్పు వైపుంటే సాధారణంగా పెంఫిగాయిడ్, నేల వైపుంటే రెండోదానికే అవకాశం ఎక్కువ.

మోచేతులు, మోకాళ్లు, పిర్రల మీద దురద పొక్కులతో ఐజీఏ అనే యాంటీబాడీ చుక్కలుగా కనిపిస్తే డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్. ఇది గోధుమలోని గ్లూటెన్ పడక వచ్చేది కాబట్టి గోధుమ మానాలి, జొన్న రొట్టె తినొచ్చు. దీనికి వాడే డాప్సోన్ మాత్ర మొదలుపెట్టే ముందు జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) పరీక్ష తప్పనిసరి. ఆ ఎంజైము తక్కువుంటే ఈ మందుకు ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి.