రా తల్లి! రమ్ము తండ్రీ!

బాలుం డీతఁడు, కొండ దొడ్డది, మహాభారంబు సైరింపఁగాఁ
జాలండో? యని దీని క్రింద నిలువన్ శంకింపఁగాఁ బోల, దీ
శైలాంభోనిధి జంతుసంయుత ధరాచక్రంబు పైఁబడ్డ నా
కేలల్లాడదు, బంధులార! నిలుఁ డీ క్రిందం బ్రమోదంబునన్.

పోతన భాగవతం దశమ స్కంధంలోని పద్యం ఇది. ఇంద్రుడు కోపించి రాళ్లవాన కురిపిస్తున్నాడు. గోకులమంతా వణికిపోతోంది. కృష్ణుడు గోవర్ధనం ఎత్తి పట్టుకుని అంటున్నాడు: "చిన్నపిల్లవాడు, ఇంత పెద్ద కొండను మోయగలడా అని సందేహించకండి. కొండలతో, సముద్రాలతో, సకల జీవులతో ఈ భూమండలమంతా మీద పడ్డా నా చెయ్యి కదలదు. చుట్టాలారా, సంతోషంగా వచ్చి దీని కింద నిలబడండి."

చూడండి, స్వామి ముందు కొండ ఎత్తాడు. ఆ తర్వాతే "రా తల్లి! రమ్ము తండ్రీ!" అని పిలిచాడు. ధైర్యం చెప్పడం చివర్న. వానలో తడుస్తున్నవాళ్లను నిలబెట్టి ఉపదేశం చెయ్యలేదు. "నన్నే అనుమానిస్తారా" అని కోప్పడనూ లేదు. భయపడ్డవాడికి సందేహం రావడం సహజమని ఆయనకు తెలుసు. పైగా ఆవులనూ వెంట తెచ్చుకోండి, మీకు నచ్చిన చోట ఉండండి అన్నాడు.

2020 అక్టోబర్‌లో ఈ పద్యం నాకు కళ్ల ముందు కనిపించింది. బంగాళాఖాతంలో పుట్టిన తీవ్ర వాయుగుండం 13న కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ మీదుగా వచ్చింది. హైదరాబాద్‌లో ఒక్క రోజులో దాదాపు 19 సెంటీమీటర్ల వాన. చెరువులు తెగాయి, నాలాలు పొంగాయి. మా బంధువుల బస్తీలో ఒకింట్లో నడుం లోతు నీళ్లు. కింద పోర్షన్‌లో ఉండే ముసలాయన తన రెండు మేకలను వదిలి కదలనంటే, పై పోర్షన్ ఆమె దిగి వచ్చింది. "వాటిని కూడా పట్టుకుని రా కాకా, వరండాలో కట్టేద్దాం" అంది. మేకలు మెట్లెక్కాయి, వాటి వెనకే ఆయన. ఆమె ఆ రాత్రి ఉన్న బియ్యమంతా వండేసింది.

నీళ్లు తీశాక చూడాలి ఆ ఇల్లు. బియ్యం బస్తా నాని పులిసిన వాసన. పిల్లల సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ విడదీసి, పేపర్ల మధ్య పెట్టి ఫ్యాన్ కింద ఆరబెట్టారు. పిట్టగోడ మీద వరసగా బురద కడిగిన దేవుడి పటాలు.

అలాంటప్పుడు కొందరు "అంతా మన కర్మ, దేవుడి శిక్ష" అంటారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. భాగవతంలో వాన ఇంద్రుడి అహంకారం వల్ల వచ్చింది. గోకులం చేసిన తప్పేమీ లేదు. కృష్ణుడు తడిసినవాళ్ల లెక్కలు తియ్యలేదు, వాళ్ల పక్కన నిలబడ్డాడు. నాలాలు పూడ్చి, చెరువులు ఆక్రమించి మనుషులు చేసిన తప్పులుంటే వాటిని నిలదీయాల్సిందే. ఇల్లు మునిగినవాడికి మాత్రం కర్మ సిద్ధాంతం వినిపించకండి.

ఈ ఊరికి ఇలాంటి గోవర్ధనం ఒకటి ముందే ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉందా చెట్టు. ఆ కొమ్మల మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, ఏ కులమో, ఏ మతమో అడిగే తీరిక ఎవరికుంటుంది?

నన్ను ఎక్కువగా కదిలించేది స్వామి గోవర్ధనాన్ని మోసిన ఆ ఏడు రోజులు. వరద వచ్చిన రెండు రోజులూ పులిహోర పొట్లాలు, దుప్పట్లు బాగానే వస్తాయి. మూడో రోజు నుంచి సంపు కడగడానికి, తడిసిన పరుపు బయటికి లాగడానికి, సాయం కోసం దరఖాస్తు రాసిపెట్టడానికి మనుషులు దొరకరు. స్వామి ఏడు రోజులూ కొండ దించలేదు. గాలీ వానా ఆగాయి, నదులు తగ్గాయి, ఇక భయం లేదు, పిల్లాపాపలతో బయటికి రండని తనే చెప్పాడు. అందరూ బయటికొచ్చాకే కొండను దాని చోట పెట్టాడు.

ఆ బస్తీలో వాన ఆగిన మూడు నాలుగు రోజులకే మళ్లీ కుండపోత. నవరాత్రులూ అప్పుడే మొదలయ్యాయి. కాకా దసరా పై పోర్షన్‌లోనే జరుపుకున్నాడు. గోడలు ఆరేదాకా ఆమె ఆయన్ను కిందికి పోనివ్వలేదు.