మాస్టారు లాక్కున్న బొంగరం

ఎనిమిదో తరగతిలో నా బొంగరం పోయింది. పాఠం జరుగుతుండగా జేబులోంచి జారి బెంచీ కింద దొర్లితే, సైన్సు మాస్టారు తీసి బల్ల సొరుగులో వేసుకున్నారు. గంట కొట్టాక ఇస్తారనుకున్నాను. మర్నాడు దాంతోనే పాఠం మొదలుపెట్టారు.

భూభ్రమణం. "మాస్టారూ, భూమిని ఎవరు తిప్పుతున్నారండీ?" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన మాత్రం తాడు చుట్టి, గచ్చు మీద బొంగరం వేశారు. మేకు గరగరమంటూ తిరిగి, తూలి, పడింది. రెండోసారి నున్నటి పలక మీద వేస్తే చాలాసేపు తిరిగింది.

"ఇందాక దీన్ని ఆపిందెవర్రా?"

"నేలండీ."

"గాలి కూడా. మరి భూమి కింద నేలేదీ? భూమి గాలి భూమితోనే తిరుగుతోందాయె."

460 కోట్ల ఏళ్ల కిందట ఓ ధూళిమేఘం మెల్లగా సుడి తిరుగుతూ ముడుచుకుందట. ముడుచుకున్నకొద్దీ జోరెక్కింది. ఆ సుడే గ్రహాలకు పుట్టుకతో వచ్చింది. ఆపేవాడు లేనప్పుడు తిప్పేవాడెందుకు, అన్నారు.

అయితే ఆపేవాడు ఒకడున్నాడు. ఆ ఆదివారం మమ్మల్ని మంగినపూడి బీచికి తీసుకెళ్లి, పోటు వేళ మోకాలిలోతు నీళ్లలో నిలబెట్టి, "ఇదీ బ్రేకు" అన్నారు. చంద్రుడు గుంజితే సముద్రం ఉబ్బుతుంది. తిరిగే భూమి ఆ ఉబ్బును చంద్రుడికంటే కాస్త ముందుకు ఈడ్చుకుపోతుంది, చంద్రుడు వెనక్కి లాగుతాడు. నీళ్లు సముద్రపు అడుగును రాసుకుంటాయి. ఇంత గొడవకీ నూరేళ్లకు రోజు సాగేది సుమారు 2 మిల్లీసెకన్లు! భూమి పోగొట్టుకున్న జోరు చంద్రుడికి చేరి, ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. 1969లో అపోలో 11 వాళ్లు అక్కడ పెట్టిన అద్దాలున్నాయి కదా, వాటి మీదికి లేజర్ వేసి కొలుస్తున్నారు. చంద్రుడి సొంత తిరుగుడు ఈ గుంజులాటలో ఎప్పుడో మందగించింది. అందుకే మనకెప్పుడూ ఒకే ముఖం.

పగడాల సంగతి నేను తర్వాతెప్పుడో చదివాను. సముద్రంలో అవి పెరుగుతుంటే వాటి మీద రోజుకో సన్నగీత పడుతుంది. దాదాపు 40 కోట్ల ఏళ్ల నాటి శిలాజాల మీద 1963లో జాన్ వెల్స్ అనే శాస్త్రవేత్త లెక్కపెడితే ఏడాదికి 400 దాకా తేలాయి. అంటే అదే ఏడాదిలో 400 రోజులు పట్టేవి, అప్పటి రోజు సుమారు 22 గంటలే. మన క్లాసులో పీరియడ్లు ఎందుకంత సాగేవో నాకప్పుడు అర్థమైంది.

పదో తరగతి పరీక్షలయ్యాక ధైర్యం చేసి మాస్టారిని బొంగరం అడిగాను.

"మా మనవడు తిప్పుతున్నాడురా," అన్నారు, "ఇంకా ఆపలేదు."