డ్రై సూట్ అనుభవం ఒడ్డు నుంచే మొదలుకావాలి

హైదరాబాద్‌లో ఉంటూ స్కూబా నేర్చుకున్న మనలో చాలామంది ముందు ఈతకొలనులో సాధన చేసి, ఆ తర్వాత విశాఖలోని ఋషికొండకో, అండమాన్ దీవులకో వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. అక్కడి నీళ్ళు వెచ్చనివి కాబట్టి పలుచని వెట్ సూట్‌తోనే గంటసేపు హాయిగా గడిపి రావచ్చు. ఐస్‌లాండ్‌లో నీటితో నిండిన సిల్ఫ్రా అనే నేల చీలికను గానీ, అమెరికాలోని సియాటిల్ దగ్గరి ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయను గానీ చూడాలన్న కోరిక పుట్టినప్పుడు మాత్రం ఆ అనుభవం ఒక్కటే సరిపోదు. ఆ చల్లటి నీళ్ళకు, ఒంటికి నీరు తగలనివ్వని డ్రై సూట్ కావాలి. సిల్ఫ్రా నీరు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీల మధ్య ఉంటుంది. డ్రై సూట్ సర్టిఫికెట్ గానీ, నమోదైన 10 డ్రై సూట్ డైవ్‌ల అనుభవం గానీ చూపనివారిని అక్కడ సిలిండర్‌తో దింపరు. ఆ అనుభవాన్ని ఎక్కడ, ఏ విధంగా సంపాదించుకోవాలని నన్ను అడిగే మిత్రులందరికీ నేనిచ్చే సమాధానం ఒక్కటే: పడవ మీద నుంచి కాకుండా, ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగండి.

దీనికి కారణం సూట్ పనిచేసే తీరులోనే ఉంది. నీరు మన ఒంటి వేడిని గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా లాగేస్తుంది. వెట్ సూట్ లోపల పలుచని నీటి పొర ఉంటుంది. డ్రై సూట్‌లో ఆ నీటికి బదులు గాలి ఉంటుంది, ఆ గాలిని పట్టి ఉంచేందుకు లోపల మందమైన బట్టలు ఉంటాయి. దిగేకొద్దీ ఈ గాలి నొక్కుకుపోయి సూట్ ఒంటిని బిగిస్తుంది కనుక ఛాతీ మీది వాల్వ్ నొక్కి కొంచెం కొంచెంగా గాలి నింపుకోవాలి. పైకి వచ్చేటప్పుడు అదే గాలి ఉబ్బుతుంది కనుక ఎడమ భుజం దగ్గరి వాల్వ్ గుండా వదలాలి. నీటిపైన 6 లీటర్లున్న గాలి 10 మీటర్ల లోతులో 3 లీటర్లవుతుంది, 20 మీటర్ల దగ్గర 2 లీటర్లు, 30 మీటర్ల దగ్గర ఒకటిన్నర లీటరు. ఈ అంకెలను కాస్త నిదానంగా చూడండి. అతి పెద్ద మార్పు మొదటి 10 మీటర్లలోనే జరుగుతోంది. అంటే డ్రై సూట్ వేసుకున్నవారికి అన్నిటికంటే కష్టమైన చోటు, కొత్తవారు సులువనుకునే ఆ లోతులేని నీరే.

పడవ నుంచి దూకినప్పుడు తాడు పట్టుకుని నేరుగా 15, 18 మీటర్లకు వెళ్ళిపోతాము. కష్టమైన ఆ పొరలో గడిపేది దిగేటప్పుడు కొద్ది నిమిషాలు, పైకొచ్చేటప్పుడు మరికొద్ది నిమిషాలు మాత్రమే. ఒడ్డు నుంచి దిగినప్పుడైతే నేల వాలు వెంబడి నెమ్మదిగా ప్రతి మీటరునూ పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాటుతాము. ఏ క్షణంలో అసౌకర్యం అనిపించినా నేల దగ్గరే ఉంటుంది, వెనక్కి తిరిగితే గట్టు వస్తుంది, పడవ వారి సమయం కోసం ఎవరూ తొందరపెట్టరు.

నేను ఈ సాధన చేసింది సియాటిల్‌లో, రెడ్‌మండ్‌లో ఉంటున్న మా మేనకోడలు తోడుగా. పశ్చిమ సియాటిల్‌లోని సీక్రెస్ట్ పార్క్‌లో కోవ్ 2 అని డైవర్లు పిలుచుకునే చోటు ఉంది. కారు ఆపిన చోటు నుంచి నీటి అంచు వరకు నడక కొద్దిపాటిదే, నేల క్రమంగా వాలుతూ పోతుంది, ఎదురుగా నగరం కనిపిస్తూ ఉంటుంది. పసిఫిక్ మహాసముద్రపు పెద్ద ఆక్టోపస్‌లు అక్కడి దుంగల కింద, ఇనుప దూలాల కింద కాపురం ఉంటాయి. 2012లో ఒక యువకుడు వాటిలో ఒకదాన్ని పట్టి తీసుకుపోగా స్థానిక డైవర్లు తీవ్రంగా నిరసించారు. మరుసటి ఏడాది వాషింగ్టన్ రాష్ట్రం ఆ చోటుతో సహా కొన్ని చోట్ల ఆక్టోపస్‌ల వేటను నిషేధించింది. ఉత్తరాన ఎడ్మండ్స్‌లోనూ ఒడ్డు నుంచే దిగగల అండర్‌వాటర్ పార్క్ ఉంది. ఏ చోటికైనా పోటు, పాటు వేళలు చూసుకునే బయలుదేరాలి.

"మామయ్యా, మీరు ఆక్టోపస్ కోసం కిందికి పోవద్దు, ముందు నాతో పాటు ఇక్కడే కదలకుండా నిలబడండి," అని మా మేనకోడలు మొదటి రోజు చెప్పిన మాట నాకు ఎంతో విలువైన పాఠం. 5, 6 మీటర్ల దగ్గర నేలకు తగలకుండా, పైకి తేలకుండా, ఊపిరి మామూలుగా తీస్తూ నీటిలో స్థిరంగా ఉండడం. ఎడమ మోచేతిని అన్నిటికంటే ఎత్తుగా లేపి గాలి ఎంత వేగంగా పోతోందో గమనించడం. పాదాల్లోకి గాలి చేరి కాళ్ళు పైకి లేస్తే మోకాళ్ళను ఛాతీకి ముడుచుకుని, దొర్లి, నిటారుగా అయ్యి వెంటనే వాల్వ్ తెరవడం. నింపే వాల్వ్ ఇరుక్కుపోతే మందపాటి గ్లవ్స్‌తోనే గొట్టాన్ని ఊడదీయడం. ఇవన్నీ చేతులకు అలవాటయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చేయవలసినవే. లోతు తక్కువ కదా అని అదుపు తప్పి పైకి రావడాన్ని తేలికగా తీసుకోకూడదు. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఒకటిన్నర మీటరు నుంచి వచ్చినా ఊపిరితిత్తులకు గాయం కావచ్చు. అందుకే పక్కన అనుభవజ్ఞులు లేకుండా ఈ సాధన చేయవద్దు. స్కూబా శిక్షణ సంస్థ ప్యాడీ నడిపే డ్రై సూట్ కోర్సులో ఒక కొలను సాధన, కొలను బయట సముద్రంలోనో సరస్సులోనో రెండు డైవ్‌లు ఉంటాయి. నా దృష్టిలో అది ఆరంభం మాత్రమే. అసలు అనుభవం ఆ తర్వాత ఒడ్డు వెంట చేసే డైవ్‌లతో వస్తుంది.

నీటిలో తేలుడును సూట్ గాలితో నియంత్రించాలా, బీసీడీ (తేలుడు కోసం గాలి నింపుకునే జాకెట్) గాలితోనా అన్న విషయంలో శిక్షకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. సూట్‌లో బిగింపు పోయేంత గాలి మాత్రమే ఉంచి, మిగతాది బీసీడీతో చూసుకోవడం నాకు నచ్చింది. సూట్‌లో గాలి తక్కువగా ఉంటే కాళ్ళవైపు పరుగెత్తేదీ తక్కువే. సీసపు బరువు అవసరానికి మించితే ఈ లెక్క మొత్తం తారుమారవుతుంది, ఎందుకంటే ఆ అదనపు బరువును మోయడానికి అదనపు గాలి నింపుకోక తప్పదు. అందువల్ల బరువును డైవ్ చివర, సిలిండర్‌లో గాలి చాలావరకు అయిపోయి 50 బార్ ఒత్తిడి మిగిలినప్పుడు, లోతులేని నీటిలో పరీక్షించుకోవాలి. ఒడ్డు డైవ్‌లో ఆ పరీక్ష ఇంటిదారిలోనే జరిగిపోతుంది.

మెడ దగ్గర, మణికట్టు దగ్గర ఉండే రబ్బరు సీళ్ళ గురించి మన తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసినవి ఉన్నాయి. తలకు కొబ్బరినూనె రాసుకుని లేటెక్స్ సీల్‌లో తల దూర్చకూడదు. నూనె ఆ రబ్బరును పాడుచేస్తుంది. సువాసన గల పౌడర్ కూడా వద్దు, వాసన లేని టాల్క్ వాడాలి. జడ వెంట్రుకలు, మెడలోని గొలుసు, జంధ్యం, చేతికి కట్టిన కంకణం ఏది సీల్ కింద చిక్కినా దాని వెంబడి చల్లటి నీరు లోపలికి వస్తుంది. పూజలో కట్టించుకున్న దారం తీయడానికి మనసొప్పనివారు డైవ్ ముందు రోజే పెద్దలతో మాట్లాడి నిర్ణయించుకోవడం మంచిది. మెడ సీల్ మరీ బిగువుగా ఉంటే మెడలోని రక్తనాళాల మీద ఒత్తిడి పడి కళ్ళు తిరగవచ్చు. ఆ సంకేతం కనిపిస్తే ఆ సీల్‌తో నీటిలోకి దిగకూడదు.

హైదరాబాద్ కొలనులో డ్రై సూట్‌తో సాధన చేయదలచినవారు లోపల మందమైన బట్టలు వేసుకోకండి, సూట్ తొడుక్కుని గట్టు మీద ఎండలో నిలబడకండి; చెమట బయటికి పోయే దారి లేని ఆ దుస్తుల్లో వడదెబ్బ తగిలే ప్రమాదం నిజమైనది. వాల్వ్‌ల వాడకం, తొడుక్కోవడం, విప్పడం మాత్రం అక్కడే నేర్చుకుని వెళ్తే విదేశంలో విలువైన సమయం మిగులుతుంది. సొంతంగా సూట్ కొనమని నేను చెప్పను. వాడకుండా మన వేడిలో నెలల తరబడి ఉంచితే లేటెక్స్ సీళ్ళు జిగురెక్కి చిరిగిపోతాయి. అద్దెకు తీసుకునేటప్పుడు మెడ, మణికట్టు, పాదాల కొలతలు ముందుగానే పంపండి, సీళ్ళు లేటెక్స్‌వా సిలికాన్‌వా అడగండి, ప్రయాణంలో మొదటి రెండు రోజులను ఒడ్డు డైవ్‌లకే కేటాయించి పడవ బుకింగ్‌ను ఆ తర్వాతి రోజులకు పెట్టుకోండి.